సన్నికల్లు సాక్ష్యం

వియత్నాం దక్షిణాన, మెకాంగ్ డెల్టా పల్లపు నేలల్లో ఓక్ ఎయో అనే చోట ఒకప్పుడు పెద్ద వర్తక పట్నం ఉండేది. కాలువలే దాని వీధులు, కాలువలే దానికి సముద్రపు దారి. అంకోర్ గుళ్ళు కట్టిన ఖ్మేర్ రాజులకు కొన్ని వందల ఏళ్ళ ముందు, చైనా రాతల్లో ఫూనాన్ అని కనిపించే రాజ్యంలో ఉండేది ఆ పట్నం. 1944లో ఫ్రెంచి పురావస్తు పండితుడు లూయీ మాలెరే అక్కడ తవ్వకాలకు దిగేసరికే బంగారం వేటగాళ్ళు నేలను గుల్ల చేస్తున్నారు. అయినా దొరికినవి తక్కువేం కావు. రోమన్ చక్రవర్తి ఆంటొనైనస్ పయస్ పేరుతో క్రీ.శ. 152 నాటి బంగారు పతకం, బ్రాహ్మి అక్షరాల ముద్రలు, గాజుపూసలు, తగరపు నగలు. ఒకవైపు ఉదయించే సూర్యుడు, మరోవైపు శ్రీవత్సం ఉన్న వెండి నాణేలు కూడా. చిల్లర అవసరమైతే ఆ నాణేన్నే ముక్కలుగా కోసేవారు.

ఓక్ ఎయో గురించి ఎవరు రాసినా ఆ పతకంతోనే మొదలుపెడతారు. నా మనసు మాత్రం 2018లో రెండు మీటర్ల లోతున బయటపడిన ఇసుకరాతి బండ మీద ఉంది. పొడవు 76 సెంటీమీటర్లు, అడుగున కాళ్ళు. ఫొటో చూపిస్తే మన పల్లెల్లో ఏ పెద్దావిడైనా సన్నికల్లు అనేస్తుంది.

ఆదివారం పచ్చడి నేను ఇప్పటికీ రాతి మీదే నూరుతాను. మిక్సీ బ్లేడు కోస్తుంది, రాయి నలుపుతుంది. రుచిలో తేడా అక్కడే. పసుపుకొమ్మును ముందు పొత్రంతో చితక్కొట్టాలి, తర్వాత నీళ్ళు చిలకరిస్తూ ముందుకీ వెనక్కీ లాగాలి. అల్లం పీచు చివరిదాకా మొండికేస్తుంది. రాయి నున్నబడితే పొత్రం జారిపోతుంది, ఉలితో మళ్ళీ గాట్లు పెట్టించాలి. ఆ గాట్లలోకి దూరిన ముద్ద ఎంత కడిగినా పూర్తిగా పోదు. వంటింట్లో అదొక విసుగు. ఓక్ ఎయోలో ఆ విసుగే చరిత్రకు పనికొచ్చింది.

బండ రంధ్రాల్లో మిగిలిన పిండిరేణువులను పరిశోధకులు నీళ్ళతో బయటకు తీసి, మైక్రోస్కోపు కింద ఈనాటి దినుసులతో పోల్చి చూశారు. 2023లో ఫలితాలు అచ్చయ్యాయి. అక్కడి నూరుడు పరికరాల మీద పసుపు, అల్లం, దుంపరాష్ట్రం, అల్లం కుటుంబానికే చెందిన మరో రెండు దుంపలు, లవంగం, జాజికాయ, దాల్చినచెక్క, మొత్తం ఎనిమిది తేలాయి. ‘రెండు వేల ఏళ్ళ నాటి కూర’ అని పత్రికలు సంబరంగా రాశాయి. నూరేవాళ్ళకు ఇక్కడో మెలిక తెలుస్తుంది. తడిలో ఉడికితే పిండిరేణువు ఉబ్బి ఆకారం కోల్పోతుంది. రాతి మీద గుర్తుపట్టగలిగేలా మిగిలింది పొయ్యి ఎక్కని పచ్చిముద్ద. దాన్ని చేపల్లో కలిపారో, మాంసానికి పట్టించారో రాయి చెప్పదు. మిరపకాయ మాత్రం అందులో లేదని ధైర్యంగా అనొచ్చు. అది అమెరికా ఖండాలు దాటి రావడానికి ఇంకా వెయ్యేళ్ళకు పైగా ఉంది.

ఆ ముద్దలో ఎన్ని ఊళ్ళున్నాయో చూడండి. లవంగం, జాజికాయ ఇండోనేషియా తూర్పు వైపున ఉన్న మలుకు దీవుల సరుకు; ఓడ ఎక్కకుండా ఓక్ ఎయో చేరే దారి లేదు. దుంపరాష్ట్రం ఆగ్నేయాసియా నేలదే. కాళ్ళున్న నూరుడు బండలు దక్కన్‌లో శాతవాహన కాలపు నివాసాల్లోనూ దొరికాయి. పోలిక చూసి మనవాళ్ళే వెళ్ళి వాళ్ళకు వంట నేర్పారని జబ్బలు చరుచుకోనక్కర్లేదు. పనిముట్టు తీరు ఒక తీరానిది, దుంప ఇంకో తీరానిది, కలిపి నూరింది ఆ పట్నం.

ఫూనాన్ పుట్టుక కథలో కౌండిన్యుడనే బ్రాహ్మణుడు ఓడలో వచ్చి అక్కడి రాణిని పెళ్ళాడతాడు. మూడో శతాబ్దంలో వచ్చిన చైనా రాయబారులు కాంగ్ తాయ్, ఝూ యింగ్ చూసినవి ఇతరుల పుస్తకాల్లో ముక్కలుగా మిగిలాయి. రాజు, రాయబారి, పురోహితుడు ఇలా రాతకెక్కారు. రోజూ పొత్రం పట్టిన మనిషి ఉనికికి ఆధారం ఇలాంటి బండే. సముద్రాలు దాటి సంస్కృతి ఎలా నడిచిందో తేల్చేటప్పుడు శాసనానికి ఇచ్చే పీట దీనికీ వెయ్యాలంటాను.

అలా వెయ్యాలంటే తవ్వకాల్లో ఒక పాత అలవాటు మారాలి. దొరికిన వస్తువును బ్రష్షుతో తోమి శుభ్రంగా కడగడం అక్కడ మామూలు పని. శిల్పానికీ పూసకూ అది మేలు. నూరుడు రాయికి అది నోరు నొక్కెయ్యడం. మన మ్యూజియాల్లో బుద్ధుడు హాల్లో ఉంటే నూరుడు రాళ్ళు వరండాలోనో గోదాములోనో ఉంటాయి. వాటిలో ఇంకా బ్రష్షు తగలనివి ఉంటే, వాటిని తోమకుండా ముందు ప్రయోగశాలకు పంపాలి.