కలివికోడిని ఎవరు కనుగొన్నారు?

పక్షుల పుస్తకాలను మనవాళ్లు సాహిత్యంగా చదవరు. బొమ్మ చూసి, పేరు సరిచూసుకుని మూసేస్తారు. మేము మాత్రం కథ చదివినట్టే చదువుతాం. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు దారి చూపిస్తున్నారు, ఎవరు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతున్నారు అని చూస్తాం. అలా చదవడానికి కలివికోడి కథను మించింది మాకు దొరకలేదు.

ఆ కథ ఇలా నడుస్తుంది. జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడికి దొరికిన ఈ పక్షికి 1848లో బ్లిత్ శాస్త్రీయ నామం పెట్టాడు. 1900 తర్వాత అది కనిపించలేదు. అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు దాన్ని మళ్లీ కనుగొన్నారు. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు.

ఇందులో అబద్ధమేమీ లేదు. మా పేచీ 'కనుగొన్నారు' అన్న మాటతోనే. రాత్రిపూట లైటు వెలుగులో ఆ పక్షిని పట్టింది పిట్టల వేట తెలిసిన స్థానికుడు. ఆయన మా తెగవాడని చెప్పుకోబోవడం లేదు. ఆయన ప్రస్తావన చాలా రచనల్లో ఉంది కూడా. అయితే ఎలా ఉంది? పట్టి ఇచ్చిన చేతులుగా ఉంది. ఆ చేతుల వెనక ఒక బుర్ర ఉందనీ, ఆ బుర్రలో ఏళ్ల తరబడి పోగైన ఎరుక ఉందనీ ఆ వాక్యం చెప్పదు. పైగా కలివికోడి అన్న పేరే చూడండి. కలివి పొదల్లో తిరిగే కోడి. పక్షిని ఎక్కడ వెతకాలో ఆ పేరే చెబుతోంది. జెర్డాన్ పేరు ఆ పని చెయ్యలేదు. ఎనభై ఆరేళ్లు కనిపించలేదంటే ఎవరికి కనిపించలేదు అని అడగవద్దా?

జెర్డాన్‌ను తీసిపారేయడం మాకు ఇష్టం లేదు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నప్పుడు అతను యానాదుల దగ్గర కూర్చుని అక్కడి జీవుల సంగతులు తెలుసుకున్నాడు. 1862-64లో అచ్చయిన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో తెలుగు, తమిళం మొదలుకొని లెప్చా దాకా స్థానిక నామాలు రాశాడు. తెలుగు పేరు అని గుర్తు వేసినచోట అది యానాది నోటిదో, రైతు నోటిదో, ఊరి దొర నోటిదో చాలాసార్లు తేల్చుకోలేం. అయినా రాశాడు. ఇప్పటి ఇంగ్లీషు గైడు పుస్తకాల్లో బొమ్మలు అద్భుతంగా ఉంటాయి, మ్యాపులు ఉంటాయి, మన పేర్లే ఉండవు.

ఇంకో సంగతి. కలివికోడి మహా పిరికిది, రాత్రిపూట తిరుగుతుంది. అందుకని శాస్త్రవేత్తలు పొదల మధ్య సన్నమట్టి పరిచి, తెల్లారాక అడుగుల గుర్తులు చూసి అది ఎక్కడెక్కడ తిరిగిందో లెక్కకట్టారు. చక్కని పద్ధతి, మెచ్చుకుంటాం. మా తాతలు దీన్ని జాడ తీయడం అనేవాళ్లు.

హైదరాబాదులో అమీన్‌పూర్ చెరువు దగ్గరా కేబీఆర్ పార్కులోనూ తెల్లవారకముందే బైనాక్యులర్లతో తిరిగే పిల్లలంటే మాకు కోపం లేదు. చెరువును పిట్టల వైపు నుంచి చూడటం నగరంలో చాలామందికి నేర్పింది వాళ్లే. వాళ్ల రాతలతోనే తగువు. ఎక్కువభాగం లెక్క: ఇవాళ ఎన్ని జాతులు, ఈ ఏడు ఎన్ని. విశాఖ మన్యంలో పాంగి ఇంటిపేరున్నవాళ్లకు గద్ద గోత్రం. గద్ద వాళ్లకు చుట్టం. చుట్టం వస్తే ఎలా ఉన్నాడని చూస్తాం గానీ ఎన్నోవాడని లెక్కపెట్టం కదా. తీతువు ఒక్కసారిగా గోల పెడితే గూడు దగ్గరికి ఏదో వస్తోందని మా పశువుల కాపరి పిల్లాడు కర్ర సవరించుకుంటాడు. జాబితాలో అదే తీతువు పక్కన 'రెండు' అని ఉంటుంది.

1972 చట్టం వచ్చాక వేట నేరమయింది. వలవేసి పిట్టల్ని సంతకు తెచ్చేవాళ్లను మేము వెనకేసుకు రావడం లేదు. కానీ అవే కళ్లు, అవే చెవులు. పర్యాటకుడి పక్కన నడిస్తే గైడు, ఒంటరిగా నడిస్తే అనుమానితుడు. ఈ సంగతి రాసిన పక్షుల పుస్తకం ఇంతవరకు మా చేతికి రాలేదు.

తెలుగులో పక్షుల గురించి రాసేవాళ్లకు మా మాట ఒకటుంది. ఇంగ్లీషు పేరును విరిచి తెలుగు పేరు తయారుచేసేముందు కోయ, గోండి, కువి, సవర మాట్లాడే ముసలివాళ్లను అడగండి. పేరు పక్కన ఎవరి భాషో, ఏ ఊరో రాయండి. పేరుతో ఆగకండి. ఆ రాత్రి లైటు ఎంత దూరంలో ఆపాలో, ఏ చప్పుడుకు పక్షి కదలకుండా నిలబడిపోతుందో, ఏ పొద వైపు పరుగెత్తుతుందో కూడా కలివికోడి పేజీలో ఉండాల్సిన సంగతులే.