పొడి బట్ట ముందు, పేరు తరవాత

తడిసి వచ్చిన మనిషిని ఇంట్లోకి తీసుకోవడానికి ఒక వరస ఉంది. ముందు పొడి బట్ట. తరవాత నిప్పు. ఆ తరవాత వేడిగా తాగడానికి ఏదైనా. అదీ అయ్యాక తిండి. ఎవరు, ఎక్కడివాళ్ళు, ఈ వానలో ఇటెందుకొచ్చారు అనే ప్రశ్నలు చిట్టచివర. మన దగ్గర ఇదంతా తలకిందులుగా జరుగుతుంది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర తడుస్తూ నిలబడ్డవాడి చేత ముందు రిజిస్టర్లో పేరు రాయిస్తాం, ఫోన్ నంబరు రాయిస్తాం, ఏ ఫ్లాటుకో చెప్పమంటాం. వాడి చేతిలోంచి నీళ్ళు కారి ఆ రిజిస్టరే తడిసిపోతుంది.

ఈ వరసను నేను అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో, కొండ మీదున్న ఒక గూడెంలో, ఓ ముసలావిడ చేతుల్లో చూశాను. గూడెం పేరు రాయను. ఎందుకో తరవాత చెప్తాను.

శ్రావణమాసం. నలుగురం బొర్రా దగ్గర రైలు దిగి కొండెక్కాం. కొత్తవలస-కిరండూల్ లైన్లో సొరంగాల మధ్య పచ్చటి కొండలు చూసి మనసు పారేసుకోనివాళ్ళు తక్కువ. ఆ పచ్చదనం కోసమే వానాకాలంలో వెళ్తాం. పొద్దున పాదం తడవకుండా దాటిన గెడ్డ మధ్యాహ్నానికి నడుము లోతైంది. ఉత్తరాంధ్ర కొండల్లో గెడ్డలన్నీ ఇంతే. ఎక్కడో పైన పడ్డ వాన కిందికి వచ్చేదాకా తెలీదు, వచ్చాక మాట్లాడ్డానికేమీ ఉండదు. వెనక్కి దారి మూసుకుపోయింది. ముందుకి ఎర్రమట్టి ఎక్కుడు, పట్టుకుందామంటే వేళ్ళతో సహా ఊడొచ్చే గడ్డి, రెండు బారల అవతల ఏముందో కనపడని మంచు. మాలో ఒకతనికి అడుగు తడబడడం మొదలైంది. తరవాత మాట ముద్దగా వచ్చింది. ఇంకాసేపటికి "ఇక్కడే కూచుందాం, బానే ఉంది" అన్నాడు. బానే ఉండడానికి అక్కడ ఏమీ లేదు.

కుక్కలు మొరిగాయి. అంటే ఊరుంది.

మొదటి ఇంటి వసారాలో ఒకాయన బుట్ట అల్లుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లోపలికి ఏదో కేకేశాడు. ఆ ఏజెన్సీలో కోదులు కువి మాట్లాడతారు, పోర్జాలకు వాళ్ళ భాష ఉంది, అందరికీ ఉమ్మడిగా ఆదివాసీ ఒడియా నడుస్తుంది, మా లాంటివాళ్ళ కోసం తెలుగు. ఆయన కేకలో నాకు అర్థమైన మాట ఒక్కటీ లేదు. కానీ లోపల్నుంచి వచ్చిన ముసలావిడ మా ముఖాలు చూడలేదు, తడబడుతున్నవాణ్ణి చూసింది. "ఏటి బాబూ, ఇలగైపోనావు" అంటూ చొక్కా గుండీలు తనే విప్పేసింది. పొడి లుంగీ ఒకటి, పాత దుప్పటి ఒకటి కప్పి, పొయ్యి దగ్గర కూచోబెట్టింది. అతను నిప్పులోకి దూరేంత దగ్గరికి జరిగితే భుజం పట్టి వెనక్కి లాగింది. నేను అతని అరచేతులు రుద్దబోతే "ఉండీ, ఉండీ" అని నా చెయ్యి తీసేసింది. ఒంటి వణుకు కాస్త నెమ్మదించాక గోరువెచ్చటి చోడంబలి గిన్నెతో ఇచ్చింది, అదీ ఒక్కసారిగా కాదు, గుక్క గుక్కకీ ఆపుతూ.

ఊరికి తిరిగొచ్చాక ఇదంతా ఒక డాక్టరు మిత్రుడికి చెప్తే, ఆయన చేతిలో కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు. మనిషి ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గరుండాలి, 35 కంటే దిగితే ప్రమాదం. దానికి మంచు కొండలే అక్కర్లేదు. తడిబట్ట, గాలి, అలసట, ఖాళీ కడుపు కలిస్తే చాలు, మామూలు చలిలోనూ జరుగుతుంది, ఎందుకంటే నీరు గాలి కన్నా పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. మాట తడబడడం, కాలు తడబడడం, ఉన్నట్టుండి "బానే ఉంది" అనిపించడం దాని లక్షణాలే. తడిబట్టలు తీసెయ్యాలి, ముందు మొండేన్ని వెచ్చబెట్టాలి, చేతులూ కాళ్ళూ రుద్దకూడదు, స్పృహలో ఉంటే వెచ్చగా తాగించాలి, మందు మాత్రం పొయ్యకూడదు. మొద్దుబారిన చర్మానికి కాలినా తెలీదు కనక నిప్పుకి దూరం ఉంచాలి. పర్వతారోహణ శిక్షణలో నేర్పే పాఠం ఇది. ఆవిడకి ఎవరు నేర్పారని ఆయన అడిగాడు. కొండ మీద ఏడాదికి నాలుగు నెలలు తడుస్తూ బతికే మనుషులకి ఎవరో వచ్చి నేర్పాలా?

ఇలాంటి అనుభవం రాసేటప్పుడు మనవాళ్ళ కలం ఒక మాట దగ్గరకి దానంతటదే పోతుంది: అమాయకులు. అడవి బిడ్డలు, కల్లాకపటం తెలియని మనుషులు, వెన్నలాంటి మనసు. నాకు ఈ ధోరణి మీద కోపం. ఆ ఇంట్లో నేను చూసింది అమాయకత్వం కాదు, పనితనం. దానికి సరుకు కావాలి, ముందుచూపు కావాలి, ఖర్చవుతుంది. మంచి మనసు అని ఒక్క మాట అనేస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాకుండా పోతుంది. మనకి అది భలే చవక.

కట్టె సంగతే తీసుకోండి. శ్రావణంలో అడవిలో పొడి పుల్ల దొరకదు. ఆ పొయ్యిలో మండింది ఎండాకాలంలో కొట్టి, చీల్చి, చూరు కింద గోడవారన పేర్చిన కట్టె. పేర్చడంలోనూ తెలివి ఉంది. వాన జల్లు పడే వైపు లావు దుంగలు, లోపలి వైపు సన్నపేళ్ళు. పొయ్యి పైన అటక మీద మరికొంత ఉంటుంది, రోజూ తగిలే పొగకి అది ఎముకలా ఆరి ఉంటుంది. నిప్పు అంటించడానికి అది, నిలబెట్టడానికి ఇది. అదే పొగ అటక మీది మొక్కజొన్న పొత్తుల్ని, విత్తనాల్ని పురుగు పట్టకుండా కాస్తుంది. మా కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే మేం పొగని తిట్టుకున్నాం. అది ఆ ఇంటి విత్తనాల కాపలాదారు అని మర్నాడు తెలిసింది. ఇక మా నలుగురి బట్టలు, బూట్లు ఆరడానికి ఆ రాత్రి కాలిన కట్టె ఎంతో! మోపులు మోసిన మనిషి మెడకి తెలుస్తుంది.

స్కాట్లాండు కొండల్లో ఎవరూ కాపురముండని పాత రాతి ఇళ్ళను నడకవాళ్ళ కోసం తాళం వెయ్యకుండా ఉంచుతారు. వాటిని బాగుచేసి చూసుకునే సంఘం 1965లో పుట్టింది, ఇప్పుడు దాదాపు వంద ఇళ్ళదాకా ఉన్నాయి. డబ్బు తీసుకోరు. కానీ అక్కడో మర్యాద ఉంది: వెళ్ళేటప్పుడు తరవాత వచ్చేవాడి కోసం పొడి పుల్లలు పెట్టి వెళ్ళాలి. ఆశ్రయం పొందడం కూడా నేర్చుకోవలసిన పనే అని ఆ మర్యాద పెట్టినవాళ్ళకి తెలుసు. మనం అక్కడ నేర్చుకోకపోయినా ఫరవాలేదు, ఇక్కడ కట్టె మోస్తే చాలు.

రాత్రి భోజనం సామ అన్నం, వెదురు కొమ్ముల కూర, నూరిన ఎండుమిరపకాయ. నగరంలో సామలంటే ఇప్పుడు ఆరోగ్యం, అందమైన ప్యాకెట్లో వస్తాయి. ఆ ఇంట్లో అవి అడుగంటుతున్న నిల్వ. మనం గమనించని సంగతి ఒకటుంది. వానాకాలం మనకి జలపాతాల కాలం, వాళ్ళకి కొరత కాలం. పాత పంట అయిపోతూ ఉంటుంది, కొత్త చోళ్ళు, సామలు చేతికి రావాలంటే వానలు వెనకపట్టాలి. పోడు మీద పని మాత్రం ఇప్పుడే ఎక్కువ. గింజ చాలని ఇళ్ళల్లో ఎండబెట్టి దాచిన మామిడి టెంకల్లోంచి జీడి తీసి, పిండి చేసి అంబలి కాస్తారు. అది సరిగ్గా ఊరక, లేదా బూజు పట్టి రోగాలు తెచ్చిన కబుర్లు ఏజెన్సీ వార్తల్లో చదివాం. మలేరియా కూడా ఇదే కాలంలో. అంటే ఆ ఇల్లు సరిగ్గా ఎప్పుడు ఖాళీగా ఉంటుందో అప్పుడే మనం సరదాగా తడిసి వెళ్ళి తలుపు తడతాం. మా నలుగురికీ పెట్టాక ఆ ఇంట్లోవాళ్ళు ఏం తిన్నారో చూద్దామంటే, వాళ్ళు మాతో కూచోలేదు.

అన్నదానం అనగానే మనకి డొక్కా సీతమ్మగారు గుర్తొస్తారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ తల్లి, గోదావరి లంకల గన్నవరంలో, ఏ వేళ ఎవరొచ్చినా విస్తరి వేసింది. ఆవిడ పేరు గన్నవరం అక్విడక్టుకి పెట్టుకున్నాం, బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ పెట్టుకున్నాం. తగిన గౌరవమే. ఆ ఇంటికి మాగాణి అండగా ఉండేది, పెట్టీ పెట్టీ అదీ కరిగిందంటారు. కొండ మీది ఇంటికి కరగడానికైనా మాగాణి లేదు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని పోటీ పెట్టడం లేదు. గాదె ఉన్న ఇంటి దానానికి మనదగ్గర చరిత్ర ఉంది, అడుగంటిన కుండలోంచి తీసి పెట్టినదానికి లేదు, అంతే.

పెద్ద విపత్తుల్లో కూడా ఇదే తీరు. 1996 ఆగస్టులో అమర్‌నాథ్ దారిలో అకాల వాన, మంచు కురిసి 240 మందికి పైగా యాత్రికులు చనిపోయారు. ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నది ఇదే, తడి, చలి. తరవాత నీతీశ్ సేన్‌గుప్తా కమిటీ వేశారు, యాత్రికుల సంఖ్యకి పరిమితులు, రిజిస్ట్రేషన్లు వచ్చాయి. అవన్నీ అవసరమే. కానీ ఆ రాత్రుల్లో బతికి బయటపడ్డవాళ్ళలో చాలామందికి సాయపడింది ఆ దారిలోని కశ్మీరీలు, గుర్రాలవాళ్ళు. నివేదికలు తరవాతి యాత్రని బాగుచేస్తాయి. ఆ రాత్రిని దాటించేది దగ్గర్లో ఉన్న పొయ్యి.

పొద్దున్న గెడ్డ సంగతి. రాత్రి పడుకునే ముందు ఇంటాయన లాంతరు పట్టుకుని వెళ్ళి నీటి అంచున ఒక పుల్ల గుచ్చి వచ్చాట్ట. తెల్లారి చూస్తే నీళ్ళు పుల్లకి బాగా కింద ఉన్నాయి. "పొంగడం ఎంత జోరో దిగడం అంత జోరు బాబూ, రాత్రే దాటీసుంటే నలుగురూ సంతకే ఎల్దురు" అని నవ్వాడు. కొండ గెడ్డలు దిగి కిందికి పోయేది సంత వైపేనట. ఆ హాస్యం అర్థమవడానికి మాకు కాస్త టైము పట్టింది. దాటేటప్పుడు చేతులు పట్టుకోవద్దన్నాడు, మోచేతులు మెలిక వెయ్యమన్నాడు. ముఖం ప్రవాహానికి ఎదురుగా పెట్టి, పక్కకి అడుగులు వేయించాడు. బూట్లు విప్పబోతే వద్దన్నాడు. ఆయన కాళ్ళకి ఏమీ లేవు.

డబ్బు దగ్గర ఎప్పటిలాగే పేచీ వచ్చింది. ఇవ్వబోతే వద్దన్నాడు. మాలో ఒకతను చాప కింద దాచి వచ్చేద్దామన్నాడు. నాకది నచ్చలేదు. దొంగచాటుగా పెట్టిన డబ్బు ముష్టిలా ఉంటుంది, చెప్పి ఇస్తే అది సామలకీ కట్టెకీ ధర. చివరికి ఆయనే దారి చూపాడు. "సంతకి రండి, మా పసుపు కొనండి" అన్నాడు. కొన్నాం. మధ్యవర్తి ఇచ్చే ధర ఎంతో ఆరోజు సంతలో విని, అంతకు పైనే ఇచ్చాం. ఇది దానం కిందికి రాదు, పసుపు మంచిది.

లంబసింగి వైపు ఇప్పుడు టెంట్లు, హోమ్‌స్టేలు వరసగా వెలిశాయి. అక్కడ ఆతిథ్యం పాడైపోయిందని పాత నడకవాళ్ళు వాపోతుంటారు. నేను వాళ్ళతో ఏకీభవించను. పడక ఇచ్చినందుకు డబ్బు అడగడంలో తప్పేముంది? తప్పు ఎక్కడ ఉందంటే, ఆ టెంట్లలో చాలావాటికి యజమానులు కొండ మీదివాళ్ళు కారు. పొయ్యి దగ్గరి పనితనం వాళ్ళది, రసీదు పుస్తకం మరొకరిది.

మేం సాహసం అని పేరు పెట్టుకుని నడిచిన ఆ దారే ఆ గూడేనికి రోడ్డు. బియ్యం అదే దారిన ఎక్కాలి. పురుటి నొప్పులొచ్చిన మనిషిని డోలీలో అదే దారిన దించాలి, అదే గెడ్డ దాటించాలి. ఆ నీళ్ళు దిగేదాకా ఆగమని నొప్పులకి ఎవరు చెప్తారు? 2023లో కేంద్రం గిరిజన గూడేల కోసం పీఎం జన్‌మన్ పథకం మొదలుపెట్టింది, 2025లో రాష్ట్రం అడవి తల్లి బాట పేరుతో రోడ్ల పనులకి శంకుస్థాపనలు చేసింది. ఇంటాయన్ని రోడ్డు గురించి అడిగితే "వస్తదట" అన్నాడు.

ఇక పేరు ఎందుకు రాయలేదో. మాలో ఒకతను ఇంటికి చేరీ చేరగానే ఆ గూడేన్ని మ్యాప్‌లో గుర్తు పెట్టి, ఐదు నక్షత్రాలిచ్చి, ‘వానాకాలంలో తప్పక వెళ్ళాల్సిన చోటు, వేడి వేడి భోజనం ఉచితం’ అని రాశాడు. నేను ఫోన్ చేసి తీసెయ్యమన్నాను. నలుగురికి మంచిచోటు తెలిస్తే తప్పేంటన్నాడు. వచ్చే నలుగురు బియ్యం మోసుకొస్తారా అన్నాను. ‘ఉచితం’ అన్న మాట తీసేశాడు. గుర్తు మాత్రం తీయనంటున్నాడు, వానలు పోయాక చూద్దామంటున్నాడు. ఈసారి వానలు కూడా మొదలయ్యాయి.