‘రొమోలా’ ఒప్పందం: వెల, విలువ

జార్జ్ ఎలియట్ ‘రొమోలా’ నవలకు 1862లో ప్రచురణకర్త జార్జ్ స్మిత్ 10,000 పౌండ్లు ఇవ్వజూపాడు. ఆనాటి ఆంగ్ల నవలారంగంలో అది అసాధారణమైన మొత్తం. అయితే రచనాగమనాన్ని పత్రికావసరాలకు లొంగదీయడం ఇష్టంలేక ఆమె తన షరతులపై 7,000 పౌండ్లకు అంగీకరించింది. దీనిని ధనాపేక్ష అని గాని, కేవల త్యాగమని గాని నిర్ణయించలేము. తొలి నవలల ప్రచురణకర్త బ్లాక్‌వుడ్‌ను విడిచిపెట్టడం ఆమె వ్యాపారదృష్టికి, 3,000 పౌండ్లు వదులుకోవడం రచనానిష్ఠకు నిదర్శనాలు. ‘కార్న్‌హిల్’ పత్రికలో ధారావాహికగా వెలువడిన ఆ నవల స్మిత్‌కు ఆశించిన లాభాన్ని తేలేదు. తరువాత ‘బ్రదర్ జేకబ్’ కథను ఆమె ఆ పత్రికకు ప్రతిఫలం లేకుండా ఇచ్చింది. 1866లో ‘ఫీలిక్స్ హోల్ట్’తో తిరిగి బ్లాక్‌వుడ్‌ను చేరింది. ఒప్పందపత్రం ముగిసినచోట మొదలైన ఈ నైతికబాధ్యతను గుర్తించనిదే, ఆమె బేరసారాలను గురించిన అంచనా అసమగ్రమే అవుతుంది.