ఎక్కడ దాగితివి, అంగారకా!

అంగారమంటే నిప్పుకణిక, అంగారమంటే బొగ్గు. ఆ పేరు మోసిన అరుణజ్యోతివి నీవు. ఆ బొగ్గునే కడుపులో మోసే చంద్రపూర్ నాది. బొగ్గుబాయిలో పొద్దంతా చీకటి తవ్వి, చెమట చారలు కట్టిన మొహంతో ఇల్లు చేరిన మా నాయన, డాబా మీద నులకమంచం వాల్చి, గోళ్ల సందుల్లో మసి వదలని వేలు చాచి, "అగో బిడ్డా, కుజుడు! భూమమ్మ కన్న కొడుకు" అని చూపిన రాత్రి నుంచి నీవు నాకు అన్నవు, ఆత్మబంధువువు. 26 నెలలకోసారి చేరువకొచ్చి చెలువారే నీ చెంగావి వెలుగు కోసం ఇప్పుడదే డాబా ఎక్కి తలెత్తితే, ధూళిధూసరితం, ధూమమేదురం, దీపకాంతుల్లో పాలిపోయిన గగనం! తులసాకు తడిమితే వేలికి నల్లని పొడి.

ఎక్కడ దాగితివి, అంగారకా!

నీకూ ఒకనాడు నదులుండేవట. జెజెరో బిలంలో డెల్టా ముద్ర మిగిల్చి మాయమైన ఆ మహాప్రవాహపు మంజులరవమేదీ? ఏ 400 కోట్ల ఏళ్ల కిందటో నీ గర్భాన లోహద్రవపు సుడి నిలిచి, అయస్కాంత కవచం జారిపోతే, సౌరపవనాలు నీ వాయువసనాన్ని పోగుపోగుగా, పొరపొరగా ఒలుచుకుపోయాయి. మిగిలింది మా గాలి ఒత్తిడిలో నూరో వంతుకైనా తూగని పలుచని పయ్యెద. అందులో 95 శాతం బొగ్గుపులుసు వాయువు. అక్కడా బొగ్గేనా అన్నా, నీ పేరులాగే, నా ఊరిలాగే!

ఎక్కడ దాగితివి, అంగారకా!

తల్లి వ్యాసంలో సగమే, 6,779 కిలోమీటర్లే నీవు. ఆ బక్క ఒంటి మీద 4,000 కిలోమీటర్ల వాలెస్ మారినెరిస్ లోయ, మానని గాయం. 22 కిలోమీటర్ల ఎత్తున నిప్పులు కక్కి అలసిన ఒలింపస్ మోన్స్. రుధిరవర్ణుడివన్నారు, క్రూరుడివన్నారు, కుజదోషమని ఆడపిల్లల పెళ్లిళ్లు ఆపారు. ఆ ఎరుపు ఆగ్రహం కాదే, తుప్పు! మూలన పడ్డ నాయన పారకు పట్టిన తుప్పే. నిప్పు పేరిటి నీ మేను సగటున మైనస్ 60 డిగ్రీల చలిలో బిగుసుకుందని, నీ అస్తమయ సంధ్య నీలమని చదివిన రాత్రి, మే నెల ఉక్కలో, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఎక్కడ దాగితివి, అంగారకా!

2022 ఏప్రిల్ 2, ఉగాది రాత్రి. మా జిల్లా ఆకాశాన్ని చీల్చుకుంటూ నిప్పుల బారు సాగిపోతే, నీవే దిగివస్తున్నావని పిచ్చి మనసు పొంగింది. సిందేవాహీ తాలూకా లాడ్‌బోరీలో పడింది ఏదో రాకెట్ రాల్చిన లోహవలయం. ఆ నెలలోనే, 2014 సెప్టెంబర్ 24 నుంచి నీకు ప్రదక్షిణ చేస్తున్న మన మంగళయానం, దీర్ఘగ్రహణపు నీడలో చిక్కి మూగబోయింది.

నులకమంచం ఖాళీగా ఉంది. నాయన చూపిన దిక్కుకే, తులసి మసి అంటిన వేలు చాచి నిలబడ్డాను.

ఎక్కడ దాగితివి, అంగారకా!