ఆదివారపు రాబడి, నెలవారీ వాయిదా

గని కార్మికుని ఇంటి పద్దును నెల జీతం అనే ఒక్క అంకె మీద నిలబెట్టడం సాధారణంగా జరిగే పని, అక్కడే చిక్కు మొదలవుతుంది. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు, గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి వంటి సింగరేణి బొగ్గు గనుల ప్రాంతాల్లో జీతం చీటీ మీద చివర కనిపించే మొత్తం నిజానికి భిన్న స్వభావాలు గల రాబళ్ల కూడిక. మస్టరు అంటే హాజరు పట్టీలో నమోదయ్యే ఒక పనిదినం. వేతన ఒప్పందం ప్రకారం దానికి రావలసిన మూలవేతనం, కరువు భత్యం, ఇతర అలవెన్సులు ముందే తెలిసినవి కాబట్టి, కార్మికుడు డ్యూటీకి వెళ్లినంత కాలం ఆ రాబడికి ఢోకా లేదు. ప్లే డే సంగతి వేరు. వారపు సెలవు దినమైన ఆ రోజున, సాధారణంగా ఆదివారం నాడు, గని అవసరాన్ని బట్టి కొందరిని పనికి పిలిచి రెట్టింపు వేతనం ఇస్తారు. ఎందరిని పిలవాలో, అసలు పిలవాలో వద్దో నిర్ణయించేది యాజమాన్యమే. దీనికి తోడు ఓవర్‌టైం ఉంటుంది. 1952 నాటి గనుల చట్టం ఉపరితలంలో రోజుకు తొమ్మిది గంటలు, భూగర్భంలో ఎనిమిది గంటలు, ఏ చోటనైనా వారానికి 48 గంటలు దాటిన పనికి రెండింతల కూలి ఇవ్వాలని నిర్దేశించింది.

రోజుకు 1,500 రూపాయల వేతనం గల కార్మికుణ్ణి ఊహించుకుంటే విషయం తేలికగా బోధపడుతుంది. నెలకు 26 మస్టర్లకు అతనికి 39,000 రూపాయలు వస్తాయి. నాలుగు ఆదివారాలూ ప్లే డే దొరికితే మరో 12,000 చేరి మొత్తం 51,000 అవుతుంది. అంటే ఆ నెల రాబడిలో దాదాపు నాలుగో వంతు కేవలం నాలుగు రోజుల మీద, అదీ తన చేతిలో లేని నాలుగు రోజుల మీద, ఆధారపడి ఉంది. ఇలా ఆరు నెలలు వరుసగా జరిగితే ఇంటిల్లిపాదీ ఆ కార్మికుని జీతం 51,000 అనే అనుకుంటారు, బంధువులు అదే చెప్పుకుంటారు, పెళ్లి సంబంధాల్లోనూ అదే అంకె వినిపిస్తుంది. అప్పు ఇచ్చే సంస్థ సైతం గత కొన్ని నెలల జీతం చీటీలు తెప్పించుకుని, చేతికందే మొత్తాన్ని చూసి వాయిదా లెక్క కడుతుంది. ఆ తర్వాత ఖర్చు తగ్గింపు పేరుతోనో, ఉత్పత్తి లక్ష్యం నెరవేరిందన్న కారణంతోనో ప్లే డేలు ఆగిపోతే రాబడి 39,000కు దిగుతుంది గాని, వాయిదా మాత్రం ఒక్క రూపాయి కూడా దిగదు.

ఇంటి ఖర్చుల గురించి హితవు చెప్పే రచనలు చాలావరకు పండుగలను, బట్టలను, విందులను తప్పుపడతాయి. ఈ నింద సరైన చోట పడలేదు. ప్లే డే డబ్బుతో మాంసం వండుకుని, పిల్లలకు బట్టలు కొని, మిగిలింది ఊళ్లో తల్లిదండ్రులకు పంపిన కుటుంబం పొదుపు చేయకపోయి ఉండవచ్చు గాని, వచ్చే నెల ప్లే డే లేకపోతే ఆ ఖర్చులన్నీ వాటంతటవే ఆగిపోతాయి. అదే డబ్బును నమ్ముకుని కారుకో, ఇంటి స్థలానికో అరవై నెలల వాయిదా కట్టడానికి ఒప్పుకున్న కుటుంబం, లోకం దృష్టిలో ముందుచూపు గలదిగా కనిపించినా, అనిశ్చితమైన రాబడిని నిశ్చితమైన బాధ్యతగా మార్చుకున్నది. ప్లే డే, ఓవర్‌టైం రాబడి సంసారానికి హాని చేసేది ప్రధానంగా ఈ మార్పిడి వల్లనే; దుబారా దాని తర్వాతి మాట.

అర్థశాస్త్రంలో ఈ భేదానికి పాత గుర్తింపు ఉంది. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1957లో వినియోగంపై ప్రకటించిన గ్రంథంలో ఆదాయాన్ని శాశ్వతమని, తాత్కాలికమని రెండుగా విడదీశాడు. దీర్ఘకాలంలో రాగలదని మనిషి నమ్మే సగటు రాబడి శాశ్వత ఆదాయం. దానికి అటూ ఇటూ వచ్చే ఒడిదుడుకులు తాత్కాలిక ఆదాయం. కుటుంబాలు ఖర్చును మొదటిదాన్ని బట్టి నిర్ణయించుకుని, రెండోదానిలో ఎక్కువ భాగాన్ని నిల్వ చేస్తాయని అతని ప్రతిపాదన. సిద్ధాంతం చక్కనిదే గాని, రాబడి తగ్గిన నెలలో సరసమైన వడ్డీకి అప్పు పుడితేనే అది సాఫీగా నడుస్తుంది. బొగ్గు గనుల బస్తీల్లో అవసరానికి పుట్టే అప్పు తరచు మూడు రూపాయల వడ్డీది. నూటికి నెలకు మూడు రూపాయలన్న మాట వినడానికి చిన్నదిగా ఉంటుంది గాని, లక్ష రూపాయలకు ఏడాదికి అది 36,000 అవుతుంది.

నెలవారీ రాబడికి వెలుపల ఇంకో తరహా డబ్బు ఉంది. ఏటా దసరాకు ముందు సింగరేణి సంస్థ తన లాభాల్లో కార్మికులకు వాటా పంచుతుంది. 2024లో ప్రకటించిన వాటా 33 శాతం, అంటే సుమారు 796 కోట్ల రూపాయలు, తలసరి సగటున లక్షా తొంభై వేలు. దీపావళికి పనితీరు ఆధారిత బోనస్ వస్తుంది. 2024లో దాని గరిష్ఠ మొత్తం 93,750 రూపాయలు. ఇవి కాక ఎప్పుడో ఒకసారి వేతన బకాయిలు వచ్చిపడతాయి. బొగ్గు పరిశ్రమ పదకొండో వేతన ఒప్పందం 2023 మేలో కుదిరి, 2021 జూలై 1 నుంచి వర్తించింది గనుక, 23 నెలల తేడా కార్మికులకు ఒక్కసారిగా చెల్లించవలసి వచ్చింది. ప్లే డే రాబడికి పరిమాణం తెలుసు, వచ్చే రోజు తెలియదు. లాభాల వాటాకు వచ్చే కాలం తెలుసు, పరిమాణం తెలియదు, పైగా అది హాజరును బట్టి మనిషి మనిషికీ మారుతుంది. ఈ రెంటినీ ‘పైడబ్బు’ అని ఒకే గాటన కట్టడం సరికాదు.

కాలం తెలిసిన డబ్బుతో పెద్ద ఖర్చులకు ప్రణాళిక వేయవచ్చు గాని, ఖర్చు వచ్చే నెల, డబ్బు వచ్చే నెల ఒకటి కావు. పిల్లల ఫీజులు, పుస్తకాలు జూన్‌లో ముంచుకొస్తాయి. లాభాల వాటా, బోనస్ సెప్టెంబరు నుంచి నవంబరు లోపల చేతికందుతాయి. ఈ ఏడు నుంచి తొమ్మిది నెలల దూరాన్ని దాటించడమే గృహిణి నిర్వహించే అసలు విద్య, దానికి తగిన గౌరవం ఎప్పుడూ దక్కలేదు. మూడు రూపాయల వడ్డీ అప్పు ఉన్న ఇంట్లో ముందుగా చేయవలసింది దాన్ని తీర్చడమే, ఎందుకంటే లక్ష రూపాయలు బ్యాంకులో వేస్తే ఏడాదికి వచ్చే ఆరేడు వేలతో పోలిస్తే అప్పు తీర్చడం వల్ల మిగిలే 36,000 ఎన్నో రెట్లు. అప్పు లేనివారు జూన్ ఖర్చును దసరా నాడే వేరు చేసి, సులభంగా చేయి పెట్టలేని చోట దాచడం మంచిది.

ఆ చోటు చాలా ఇళ్లలో చిట్టీయే. ఇరవై మంది నెలకు 5,000 చొప్పున ఇరవై నెలలు కట్టే లక్ష రూపాయల చిట్టీలో ఒక సభ్యుడు 25,000 తగ్గించుకుని పాడితే అతనికి 75,000 అందుతుంది; ఆ తగ్గింపులో నిర్వాహకునికి లక్ష మీద ఐదు శాతం కమిషన్ కింద 5,000 పోగా, మిగిలిన 20,000 తలకు వెయ్యి చొప్పున అందరికీ కలిసివస్తుంది. తొలి నెలల్లో పాడినవాడు నిజానికి అప్పు తీసుకున్నవాడు, ఆఖరి దాకా ఆగినవాడు పొదుపు చేసినవాడు. చిట్టీ గురించి మరిచిపోయే విషయం ఒకటుంది: దాని నెలసరి కంతు కూడా వాయిదా లాంటిదే. కాబట్టి ఆ కంతు మస్టర్ల జీతంలోంచి కట్టగలిగినంత ఉండాలి గాని, ప్లే డేలను నమ్ముకుని ఉండకూడదు.

ప్లే డే డబ్బుకు తగిన పద్ధతి మరొకటి ఉంది. దాన్ని వచ్చిన నెలలో ముట్టకుండా వేరే ఖాతాకు మళ్లించి, తర్వాతి నెలలో మాత్రమే వాడుకుంటే, నెల మొదట్లోనే ఎంత ఉందో కచ్చితంగా తెలుస్తుంది. ఊహించుకుని ఖర్చు చేయడం, ఉన్నది చూసి ఖర్చు చేయడం వేర్వేరు. ఇది కుదరాలంటే జీతం చీటీని భార్యాభర్తలిద్దరూ గడి గడీ చదవాలి. మొత్తం మాత్రమే తెలిసిన ఇల్లాలికి అందులో ఎంత నిలకడైనదో, ఎంత ఆదివారాలదో తెలియదు.

ఇదంతా పర్మనెంట్ కార్మికుని లెక్క. అదే గనిలో కాంట్రాక్టు కింద పనిచేసేవారికి ఈ వర్గీకరణలో సగం వర్తించదు. 2024లో తొలిసారిగా సుమారు 25,000 మంది కాంట్రాక్టు కార్మికులకు లాభాల్లోంచి ఇచ్చినది తలకు 5,000 రూపాయలు. రోజు కూలి తప్ప పక్కన పెట్టడానికి మరో రాబడి లేని ఇంటికి పద్దు రాసుకొమ్మని చెప్పడం ఉచిత సలహాగానే మిగులుతుంది.

కార్మికుల ఇళ్లలో పొదుపు నేర్పాలని సభలు పెట్టే సంఘాలు, యాజమాన్యం చేయగలిగిన పని ఒకటుంది. వచ్చే నెలలో ఏ గనిలో ఎన్ని ప్లే డేలు ఉంటాయో, సుమారుగానైనా, నెల ముందు నోటీసు బోర్డు మీద పెట్టాలి. మొత్తం జీతానికి బదులు మస్టర్ల జీతం మీదే రుణ వాయిదా లెక్కగట్టాలని బ్యాంకులను అడగాలి.