ఇంట్లో కుట్టిన పుస్తకం

నోములకు, గృహప్రవేశాలకు తాంబూలంతో పాటు ఓ చిన్న స్తోత్రం పుస్తకం చేతిలో పెట్టడం మనకు కొత్త కాదు. దాన్ని ఇంటి ప్రింటర్ మీదే తయారుచేసే ఓపికమంతులంటే నాకు గౌరవం.

చిన్న పుస్తకమని తీసిపారేయకండి. 1990ల మొదట్లో మా నెల్లూరు జిల్లాలో, అక్షరాస్యత వాచకంలోని సీతమ్మ కథ చదివిన దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా కొట్టు మూయించారు.

ఏ4 కాగితం మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. అందుకే పుస్తకం ఎప్పుడూ నాలుగు లెక్కన పెరగాలి. ఎనిమిది పేజీలైతే మొదటి కాగితం ఒకవైపు 8, 1; వెనక 2, 7. పక్కపక్క పేజీల అంకెలు కూడితే ఎప్పుడూ తొమ్మిదే! పదహారు పేజీలకు పదిహేడు. ఈ లెక్క లిబ్రే ఆఫీస్ రైటర్‌లో 'బ్రోషర్' అన్న చోట టిక్కు పెడితే అదే చూసుకుంటుంది. వర్డ్‌లో 'బుక్ ఫోల్డ్' ఉంది.

మిగతాదంతా చేతి పనితనమే. మా జిల్లా తీరాన మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలికి కాగితం చెమ్మ పీల్చి వంకరపోతుంది, ప్రింటర్‌లో ఇరుక్కుంటుంది. కట్ట విప్పగానే వాడేయాలి, మిగిలింది ప్లాస్టిక్ సంచిలో కట్టేయాలి. వత్తులు, గుడులు ఒకదానికొకటి తగలకుండా వరుసల మధ్య జాగా వదలాలి. మామూలు స్టాప్లర్ మడత దాకా అందదు. సూదితో మూడు చిల్లులు పొడిచి దారంతో కుట్టినదే గట్టిది.

మొదటిసారి చేసేవాళ్లు ముందు ఒక్క కాపీ తీసి, మడిచి, పేజీలు తిప్పి చూసుకోండి.