ఒంగోలు ఇనుము: లెక్కకు నిలవని ఒక వాదం

"ఒంగోలు సమీపాన కొణిజేడు, మర్లపాడు కొండలలో ఇనుప ఖనిజమున్నది. సింగరేణిలో బొగ్గున్నది. కోక్ అక్కరలేకుండా ఖనిజాన్ని ఇనుముగా మార్చే పద్ధతి ఉన్నది. ఇక చౌకగా ఉక్కు తయారు చేయడానికి అడ్డమేమి?" ఇటువంటి వాదం వినడానికి ఇంపుగా ఉంటుంది. ఇందులోని మూడు మాటలూ నిజమే. కాని వాటినుండి నాలుగవది దానంతట అదే సిద్ధించదు. పత్తి, మిరప పంటలను నమ్ముకొన్న ఈ ప్రాంతపు యువకుల ఉపాధి, రైతుల నీరు ఈ ప్రశ్నతో ముడిపడి ఉన్నవి. కనుక దీనిని లెక్కవేసి పరిశీలించవలెను.

మొదట పద్ధతిని చూద్దాము. ఖనిజంలో ఇనుము ఆమ్లజనితో కలిసి ఉంటుంది. ఊదుకొలిమిలో కోక్ ఆ ఆమ్లజనిని తొలగిస్తుంది. పైనున్న సరుకు బరువు మోస్తుంది. ఇనుమును కరిగించే వేడినీ ఇస్తుంది. స్పాంజి ఇనుము పద్ధతిలో ఖనిజాన్ని కరిగించరు. కోక్‌కు పనికిరాని మామూలు బొగ్గుతో కలిపి, మెల్లగా తిరిగే పొడవైన గొట్టపు కొలిమిలో సుమారు 1000 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడిచేస్తారు. ఇనుము కరగడానికి సుమారు 1538 డిగ్రీలు కావలెను. ఆమ్లజని పోయిన చోట్ల సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఆ పేరు అందువల్లనే వచ్చింది.

కరగకపోవడం ఈ పద్ధతికి లాభం. నష్టం కూడ అదే. ఊదుకొలిమిలో ఖనిజంలోని ఇసుక సున్నపురాయితో కలిసి కరిగి, లోహమలంగా పైకి తేలిపోతుంది. ఇక్కడ అది ఇనుములోనే ఉండిపోతుంది. తరువాత విద్యుత్ కొలిమిలో ఆ ఇసుకను కరిగించడానికి కరెంటూ, సున్నమూ ఖర్చు చేయవలెను.

ఇప్పుడు ఒంగోలు ఖనిజం సంగతి. ఇది మాగ్నటైటు, స్ఫటికశిల పొరలు పొరలుగా కలిసిన తక్కువరకపు ఖనిజం. నూటికి 35 పాళ్ళు ఇనుమున్నదనుకొందాము. అప్పుడు 100 టన్నుల రాతిలో మాగ్నటైటు 48 టన్నులు. తక్కిన 52 టన్నులూ దాదాపు ఇసుకే. దీనిని నేరుగా కొలిమిలో వేస్తే, ఆమ్లజని పోయిన తరువాత మిగిలిన సరుకులో ఇనుము నూటికి 40 పాళ్ళే. అదే 65 పాళ్ళ ఇనుమున్న హెమటైటును వేస్తే 90 పాళ్ళు వస్తుంది. మొదటిదానిని ఏ ఉక్కు కొలిమివాడూ కొనడు.

కాబట్టి ముందు ఖనిజాన్ని శుద్ధి చేయవలెను. గుంటూరు ప్రాంతపు విద్యార్థికి దీనిని సులభంగా చెప్పవచ్చును: పత్తిని జిన్నింగు మిల్లులో ఆడిస్తే సుమారు మూడోవంతు దూది, తక్కినది గింజ. అట్లే రాతిని మెత్తగా నూరి, అయస్కాంతంతో మాగ్నటైటును వేరుచేసి, ఆ పొడిని గుళికలుగా కట్టి కాల్చాలి. నూరడానికి విద్యుత్తు, వేరుచేయడానికి నీరు, కాల్చడానికి ఇంధనం కావాలి. పత్తిగింజకు నూనె, తెలకపిండి రూపాన ధర పలుకుతుంది. అంత మెత్తని ఇసుకను అంత మొత్తంలో కొనేవారు దొరకడం కష్టం. దానిని నిలవచేయడానికి చెరువంత స్థలం కావాలి. ఎండిన తరువాత అది లేచి మిరపకల్లాలమీద పడకుండా చూడాలి. ఈ ఖర్చులేవీ పై వాదంలో కనబడవు.

"పాల్వంచలో జరగలేదా?" అని అడగవచ్చును. అక్కడ 1975లో స్పాంజి ఐరన్ ఇండియా సంస్థ ఏర్పడింది. ఐక్యరాజ్యసమితి సహాయంతో నెలకొన్న ఆ కర్మాగారం 1980లో ఏటా 30,000 టన్నుల శక్తితో ఉత్పత్తి ప్రారంభించింది. 1985లో అది రెట్టింపయింది. 2010లో సంస్థ జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థలో విలీనమయింది. సింగరేణి బొగ్గు ఈ పనికి వస్తుందని పాల్వంచ రుజువు చేసింది. అది గొప్ప విషయమే. కాని అక్కడ వాడినది గడ్డలుగా దొరికే మేలిరకం ఖనిజం. అందుచేత బొగ్గు విషయంలో పాల్వంచ సాక్ష్యం చెల్లుతుంది. ఒంగోలు రాతి విషయంలో చెల్లదు.

ఇంకొక చిక్కున్నది. ఒక టన్ను స్పాంజి ఇనుముకు సుమారు టన్నున్నర మేలిరకం ఖనిజమూ, టన్నుకు మించిన బొగ్గూ కావాలి. ఆ బొగ్గులోని బూడిద కొలిమిలో చోటునూ, వేడినీ తింటుంది. ఇంతచేసి తయారైన సరుకు పాత ఇనుపతుక్కుకు బదులుగా అమ్ముడుపోవలసినదే. తుక్కు ధర పడిపోతే దీని ధరా పడిపోతుంది. ఖనిజం, బొగ్గు, రైలు కిరాయి మాత్రం తగ్గవు. బొగ్గు మాని కృష్ణా, గోదావరి ప్రాంతపు సహజవాయువును వాడుదామంటే, ఎరువుల, విద్యుత్ కర్మాగారాలు కూడ దానినే కోరుతున్నవి. పైగా ఆ పద్ధతికీ ఇసుక తక్కువగల ఖనిజమే కావలెను.

అయితే ఒంగోలు కొండలను మరచిపొమ్మని కాదు. మాగ్నటైటును అయస్కాంతంతో సులభంగా వేరుచేయగలగడం నిజమైన అనుకూలత. ప్రధాన రైలుమార్గం దగ్గరగా ఉండడం మరొకటి. మేలిరకపు ఖనిజం ప్రియమైనపుడు ఇక్కడ శుద్ధిచేసి, గుళికలు కట్టి పంపడం గిట్టుబాటు కావచ్చును. కనుక స్పాంజి ఇనుము కర్మాగారం ఎక్కడ పెట్టాలనేది మొదటి ప్రశ్న కాదు. ఇసుకను వదిలించిన ఒక టన్ను ఖనిజం గనివద్ద ఎంతకు పడుతుంది, దానికెంత నీరు కావాలి అనేవే మొదటి ప్రశ్నలు.

తరగతిలో ఇనుము పాఠం సాధారణంగా రసాయన సమీకరణంతో ఆగిపోతుంది. ఉపాధ్యాయులు అక్కడినుండి ఒక్క అడుగు ముందుకు వేయించవలెను. పై 100 టన్నుల లెక్కను 30 పాళ్ళకూ, 40 పాళ్ళకూ విద్యార్థులచేతనే చేయించండి. తమ జిల్లా కొండలను గూర్చి ఎవరు ఏ ఆశ చూపినా, లోపల ఇసుక ఎంత అని వారు అప్పుడు స్వయంగా అడగగలుగుతారు.